డాబా మీద డిష్ ఎటు చూస్తోంది? శాటిలైట్ టీవీ హాబీ మొదలుపెట్టేవాళ్ల కోసం

హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ టెర్రస్ ఎక్కినా మూడు నాలుగు కంపెనీల డిష్‌లు కనిపిస్తాయి. మామూలుగా చూస్తే అన్నీ ఒకే వైపు తిరిగినట్టే ఉంటాయి. ఒక్క నిమిషం ఆగి చూస్తే తేడా తెలుస్తుంది. టాటా ప్లే డిష్ దాదాపు నేరుగా దక్షిణానికి చూస్తూ, మొహం బాగా పైకెత్తి ఉంటుంది. ఎయిర్‌టెల్ డిష్ తూర్పు వైపు బాగా తిరిగి, కాస్త కిందికి వాలి ఉంటుంది. సన్ డైరెక్ట్ డిష్ ఈ రెంటికీ మధ్యలో ఆగ్నేయ మూలకి చూస్తుంది. ఎందుకంటే టాటా ప్లే వాడే ఉపగ్రహాలు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటాయి, ఎయిర్‌టెల్‌వి 108.2 దగ్గర, సన్ డైరెక్ట్‌ది ప్రధానంగా 93.5 దగ్గర. అంటే ఎవరూ దిక్సూచి పట్టుకోకుండానే, పక్కింటి డాబాలన్నీ కలిసి ఆకాశంలో ఏ ఉపగ్రహం ఎక్కడుందో చూపించేస్తున్నాయి. ఈ విషయం గమనించిన మనిషికి శాటిలైట్ టీవీ హాబీ అప్పటికే మొదలైపోయినట్టే లెక్క.

ఈ హాబీని చాలామంది పొరపాటుగా "ఛానెళ్లు ఫ్రీగా చూడటం" అనుకుంటారు. డబ్బు మిగుల్చుకోవడం కోసమే అయితే ఇందులోకి దిగకపోవడం మంచిది. చిన్న డిష్, బాక్స్, కేబుల్‌తో మొదలైన ఖర్చు మీటర్లు, స్విచ్‌లు, పెద్ద డిష్ దాకా వెళ్తుంది, ఆ డబ్బుతో ఏళ్ల తరబడి కేబుల్ బిల్లు కట్టొచ్చు. అసలు ఆనందం వేరే చోట ఉంది. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున, కంటికి కనపడని ఒక పెట్టె నుంచి వచ్చే అతి బలహీనమైన సిగ్నల్‌ని, చేతిలో ఒక స్పానర్‌తో, డిష్‌ని ఇంచుమించు వేలి మందం అటూ ఇటూ జరిపి పట్టుకోవడం. టెక్నీషియన్ వచ్చి పది నిమిషాల్లో చేసి వెళ్లిపోయే పనిని సొంతంగా, ఎందుకు అలా చేస్తున్నామో తెలిసి చేయడం. అందుకే కొత్తవాళ్లకి చెప్పాల్సిన మాట ఒక్కటే: ముందు ఒక చిన్న డిష్, ఒకే ఒక్క ఉపగ్రహం. దాన్ని సొంత చేతులతో పోగొట్టుకుని, మళ్లీ వెతికి పట్టుకోవడం వచ్చేదాకా ఇంకేమీ కొనకూడదు.

టీవీ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకి సరిగ్గా పైన, భూమితో సమానంగా ఒక రోజులో ఒక చుట్టు తిరుగుతూ ఉంటాయి కాబట్టి మనకి కదలకుండా నిలబడినట్టు కనిపిస్తాయి. ఇలా నిలబడే ఉపగ్రహాలతో ప్రపంచమంతా ప్రసారాలు చేయొచ్చని సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ 1945లోనే రాశాడు. తెలుగు రాష్ట్రాలు భూమధ్యరేఖకి ఉత్తరంగా, దాదాపు 13 నుంచి 20 డిగ్రీల అక్షాంశాల మధ్య ఉన్నాయి, అందువల్ల మన ఉపగ్రహాలన్నీ దక్షిణపు ఆకాశంలో, తూర్పు నుంచి పడమరకి ఒక విల్లులాగా పరుచుకుని ఉంటాయి. ఆ విల్లు మధ్యభాగం మనకి చాలా ఎత్తులో ఉంటుంది. ఇది మనకి దొరికిన పెద్ద అదృష్టం. లండన్‌లో ఉన్నవాళ్లు అక్కడి ప్రధాన ఉపగ్రహం కోసం డిష్‌ని దిగంతానికి పాతిక డిగ్రీల ఎత్తుకే గురిపెట్టాలి, ఎదురుగా ఒక చెట్టో ఇల్లో ఉంటే కథ ముగిసినట్టే. ఇక్కడ చూడాల్సింది 60 డిగ్రీల పైకి. పక్కన రెండంతస్తుల ఇల్లున్నా, కాంపౌండ్‌లో కొబ్బరిచెట్టున్నా చాలాసార్లు దాని మీదుగా చూసేయొచ్చు. ఇరుకు సందుల్లో ఉండేవాళ్లు కూడా ధైర్యంగా ఈ పనిలోకి దిగొచ్చు.

మొదటి ఉపగ్రహంగా 93.5 డిగ్రీల దగ్గరున్న జీశాట్-15 తప్ప ఇంకో ఆలోచన అక్కర్లేదు. 2015 నవంబరులో ప్రయోగించిన ఈ ఉపగ్రహం మీదే దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ నడుస్తోంది. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో 33 ఛానెళ్లతో మొదలైన సర్వీసు ఇదే. నెలవారీ చందా లేదు, ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. 60 సెంటీమీటర్ల డిష్, అంటే మనవాళ్ల లెక్కలో రెండడుగుల డిష్, చాలు. సన్ డైరెక్ట్ డిష్ ఇంట్లో ఊరికే పడి ఉంటే అది కూడా పనికొస్తుంది, ఎందుకంటే అది చూసేది కూడా 93.5 వైపే. నిజానికి అలా పాత డిష్‌తో మొదలుపెట్టడమే మంచిది. కొత్తది గీతలు పడుతుందేమోనని భయపడుతూ పట్టుకునేదాని కంటే, పాతదాన్ని విప్పి, బిగించి, పాడుచేసి నేర్చుకునేది ఎక్కువ. పాత ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండి సిగ్నల్‌ని అందుకునే చిన్న పరికరం) మాత్రం పనికిరావచ్చు, రాకపోవచ్చు, దాని మీద రాసిన అంకెలు చూసి నిర్ణయించుకోవాలి. ఆ అంకెల సంగతి కాసేపట్లో.

గురి ఎటు పెట్టాలి? హైదరాబాద్ నుంచి 93.5కి లెక్క వేస్తే, ఉత్తరం నుంచి సవ్యదిశలో 138 డిగ్రీలు, ఎత్తు 63 డిగ్రీలు వస్తుంది. విజయవాడలో 141, 65 పైన. విశాఖపట్నంలో 149, 66. తిరుపతిలో 133, 67. ఆగ్నేయం అంటే సరిగ్గా 135 డిగ్రీలు. అంటే వాస్తు ప్రకారం వంటిల్లు ఏ మూల ఉండాలంటారో, ఫ్రీ డిష్ కూడా దాదాపు ఆ మూలే చూస్తుంది. విశాఖ వాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది: ఆ ఊరి రేఖాంశం 83 డిగ్రీల చిల్లర, జీశాట్-30 ఉన్నది 83 దగ్గర, కాబట్టి వాళ్లకి ఆ ఉపగ్రహం ఇంచుమించు నేరుగా దక్షిణంలో, 69 డిగ్రీల ఎత్తున ఉంటుంది. విశాఖలో నిలువుగా పాతిన కర్ర నీడ ఉత్తరానికి పడే వేళ, ఆ నీడకి సరిగ్గా ఎదురు దిక్కే దాని దిక్కు.

ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడే చోటు ఒకటుంది. 63 డిగ్రీల ఎత్తు అంటే డిష్ మొహం బాగా ఆకాశానికి తిప్పాలనుకుని, పళ్లెం వెల్లకిలా పడేసినట్టు పెట్టేసి, గంటలు గంటలు వెతుకుతారు. చిన్న డిష్‌లు ఆఫ్‌సెట్ రకం. ఎల్‌ఎన్‌బీ మధ్యలో కాకుండా, కింది నుంచి చాచిన చేయి చివర ఉంటుంది. సిగ్నల్ పైనుంచి వచ్చి డిష్‌కి తగిలి కిందికి వంగి ఎల్‌ఎన్‌బీలోకి వెళ్తుంది. ఆ వంపు మామూలుగా 24 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి, 63 డిగ్రీల ఎత్తున ఉన్న ఉపగ్రహం కోసం డిష్ మొహం దాదాపు 39 డిగ్రీలకే ఎత్తి ఉండాలి. కంటికి అది ఉపగ్రహం కంటే చాలా కిందికి చూస్తున్నట్టు కనిపిస్తుంది, కానీ సరైన గురి అదే. డిష్ వెనక బ్రాకెట్ మీద డిగ్రీల గీతలుంటే అవి సాధారణంగా ఈ వంపుని లెక్కలో వేసుకునే గీసి ఉంటాయి, వాటి మీద 63 పెడితే సరిపోతుంది. ఫోన్‌లో వాలు కొలిచే యాప్‌ని డిష్ మొహానికి ఆనించి చూసేవాళ్లు మాత్రం వంపు తీసేసి చూసుకోవాలి.

ఈ గీతలన్నీ నిజం చెప్పాలంటే పోల్ నిలువుగా ఉండాలి. పోల్ ఒక్క డిగ్రీ ఒరిగినా, డిష్ పక్కకి తిప్పినప్పుడల్లా ఎత్తు కూడా మారిపోతూ ఉంటుంది, అప్పుడు ఏ లెక్కా కుదరదు. మేస్త్రీ వాడే రసమట్టం ఒకసారి అడిగి తెచ్చుకుని రెండు వైపుల నుంచీ చూసి బిగిస్తే ఒక పూట తిప్పలు తప్పుతాయి. పిట్టగోడ మీద పల్చటి సిమెంట్ పూత మీదే బోల్టులు బిగించడం చాలాచోట్ల కనిపిస్తుంది, అది కొన్ని గాలివానలకే వదులైపోతుంది. శ్లాబులోకి గానీ పిల్లరులోకి గానీ యాంకర్ బోల్టులు దిగాలి.

దిక్కు తెలుసుకోవడానికి ఫోన్‌లోని దిక్సూచి వాడొచ్చు, మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా పట్టించుకోనక్కర్లేనంత తక్కువ. కానీ ఫోన్‌ని డిష్ పక్కనే పెట్టి చూడకూడదు. డిష్ ఇనుము, పోల్ ఇనుము, శ్లాబులో ఊచలు, పక్కన వాటర్ ట్యాంక్ స్టాండు, ఇన్ని ఇనుపముక్కల మధ్య దిక్సూచి ఇరవై డిగ్రీలు తప్పు చూపించడం మామూలే. నాలుగడుగులు దూరం జరిగి, ఆ దిక్కున దూరంగా కనిపించే ఒక గుర్తు, సెల్ టవరో గుడి గోపురమో, చూసుకుని డిష్‌ని ఆ గుర్తు వైపు తిప్పడం మేలు. ఎండని నమ్ముకునేవాళ్లు మే నెలలో మధ్యాహ్నం జోలికి పోకూడదు, ఆ రోజుల్లో సూర్యుడు మనకి దాదాపు నడినెత్తిన ఉంటాడు, నీడే ఉండదు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ చూసుకోవాలి. అన్నిటికంటే తేలికది ముందు చెప్పిందే: చుట్టుపక్కల సన్ డైరెక్ట్ డిష్ ఎటు తిరిగి ఉందో చూసి, దానికి సమాంతరంగా పెట్టడం.

ఎల్‌ఎన్‌బీ మెలిక, అంటే దాన్ని ఎంత పక్కకి తిప్పి బిగించాలనేది, దాని గురించి టెక్నీషియన్లు కూడా చాలాసార్లు పట్టించుకోరు, కానీ మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. ఉపగ్రహం పంపే తరంగాలు నిలువు, అడ్డం అనే రెండు రకాలుగా వస్తాయి. ఉపగ్రహం మనకి నేరుగా దక్షిణంలో ఉంటే మన నిలువూ దాని నిలువూ ఒకటే. పక్కకి ఉంటే, భూమి గుండ్రంగా ఉండటం వల్ల, దాని నిలువు మనకి ఒరిగినట్టు కనిపిస్తుంది. భూమధ్యరేఖకి దగ్గరయ్యే కొద్దీ ఈ ఒరుగు ఎక్కువవుతుంది. లెక్క ప్రకారం హైదరాబాద్ నుంచి 93.5కి ఇది దాదాపు 40 డిగ్రీలు. ఎల్‌ఎన్‌బీని గడియారంలో పన్నెండు దగ్గర ఉన్నట్టు నిటారుగా బిగించేస్తే నిలువు, అడ్డం రెండూ కలగలిసిపోయి, కొన్ని ఛానెళ్లు వచ్చి కొన్ని రాకుండా పోతాయి. అందుకని డిష్ గురి కుదిరి కాస్త క్వాలిటీ కనపడగానే, ఎల్‌ఎన్‌బీ క్లాంపు వదులు చేసి మెల్లగా అటూ ఇటూ తిప్పి, క్వాలిటీ ఎక్కడ పెరుగుతుందో అక్కడ బిగించాలి. ఏ వైపుకి తిప్పాలో తెలియకపోతే టీవీయే చెబుతుంది.

టీవీ చెప్పేదాన్ని చదవడం కూడా నేర్చుకోవాలి. బాక్స్ తెర మీద రెండు గీతలు చూపిస్తుంది, ఒకటి స్ట్రెంత్, ఒకటి క్వాలిటీ. కొత్తవాళ్ల సగం టెన్షన్ ఈ మొదటి గీత వల్లే. స్ట్రెంత్ 70, 80 ఉన్నా బొమ్మ రావట్లేదని తల పట్టుకుంటారు. కేబుల్ కలిపి, ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందితే చాలు, డిష్ గోడ వైపు తిరిగి ఉన్నా స్ట్రెంత్ కనిపిస్తుంది, అది ఎల్‌ఎన్‌బీ సొంత గోల మాత్రమే. మనం అడిగిన ఉపగ్రహం, అడిగిన ఫ్రీక్వెన్సీ నిజంగా దొరికితేనే క్వాలిటీ గీత కదులుతుంది. స్ట్రెంత్ సున్నా అయితే కేబుల్‌లోనో కనెక్టర్‌లోనో తప్పు, స్ట్రెంత్ ఉండి క్వాలిటీ సున్నా అయితే గురి తప్పు లేదా బాక్స్‌లో పెట్టిన అంకెలు తప్పు. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే డాబా మీదికి, హాల్లోకి తిరిగే తిరుగుడు సగానికి సగం తగ్గుతుంది.

ఆ అంకెలు ఏమిటంటే: ఉపగ్రహం నుంచి కేయూ బ్యాండ్‌లో, అంటే చిన్న డిష్‌లు వాడే ఫ్రీక్వెన్సీల వరసలో, వచ్చే సిగ్నల్ 11,000 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ మామూలు కేబుల్‌లో ప్రయాణం చేయలేదు, దారిలోనే ఆవిరైపోతుంది. అందుకే ఎల్‌ఎన్‌బీ అక్కడికక్కడే దాన్ని కిందికి దించి పంపుతుంది. యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీ మీద 9750/10600 అని రాసి ఉంటుంది. ఫ్రీ డిష్ వాడే 11090 ఫ్రీక్వెన్సీలోంచి 9750 తీసేస్తే 1340, కేబుల్‌లో వచ్చేది అదే. బాక్స్‌లో ఎల్‌ఎన్‌బీ రకం తప్పుగా ఎంచుకుంటే ఈ తీసివేత తప్పుతుంది, డిష్ అణువంత తేడా లేకుండా గురిలో ఉన్నా ఏమీ దొరకదు. నిలువు, అడ్డం ఎంచుకోవడం కూడా బాక్స్ నుంచి వెళ్లే కరెంటుతోనే జరుగుతుంది, 13 వోల్టులైతే నిలువు, 18 అయితే అడ్డం. సమాచారం ఎంత వేగంగా వస్తోందో చెప్పే సింబల్ రేట్ అనే ఇంకో అంకె ఉంటుంది, ఫ్రీ డిష్‌కి 29500. లింగ్‌శాట్ లాంటి వెబ్‌సైట్ల జాబితాల్లో ప్రతి ఉపగ్రహానికీ ఈ అంకెలన్నీ దొరుకుతాయి. బాక్స్ కొనేటప్పుడు ఎంపెగ్-4 (బొమ్మని కుదించే పద్ధతి), డీవీబీ-ఎస్2 (ఉపగ్రహ ప్రసార పద్ధతి) రెండూ ఉన్నది చూసుకోవాలి. చాలా కొత్త టీవీల్లో శాటిలైట్ ట్యూనర్ లోపలే ఉంటుంది, వెనక మరలాంటి గుండ్రటి ఎఫ్ కనెక్టర్ ఉందేమో చూస్తే తెలిసిపోతుంది.

ఇక వెతకడం. ముందు ఎత్తు పెట్టేసి, నట్లు డిష్ కదిలేంత వదులుగా ఉంచి, పక్కకి మెల్లగా తిప్పుతూ పోవాలి. రెండడుగుల డిష్ చూపు వెడల్పు మూడు డిగ్రీల చిల్లర మాత్రమే. పైగా సిగ్నల్ తగిలాక బాక్స్ దాన్ని గుర్తుపట్టి గీత చూపించడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది. కంగారుగా తిప్పితే ఉపగ్రహం మీదుగా దాటిపోయినా తెలియదు. కొద్దిగా జరపాలి, ఆగాలి, చూడాలి, మళ్లీ జరపాలి. ఒక వైపు నుంచి ఇంకో వైపుకి పూర్తిగా తిప్పినా దొరక్కపోతే ఎత్తు ఒకటి రెండు డిగ్రీలు మార్చి మళ్లీ అదే. దొరికాక ఆనందంలో గబగబా నట్లు బిగించేస్తారు, బిగించేటప్పుడే డిష్ కదిలి క్వాలిటీ పడిపోతుంది. కుడి పక్కది కాస్త, ఎడమ పక్కది కాస్త, మార్చి మార్చి, గీతని చూసుకుంటూ బిగించాలి. వీలైతే చిన్న టీవీ డాబా మీదికే తీసుకెళ్లడం మంచిది, "వచ్చిందా? పోయిందా?" అని కింద ఉన్నవాళ్లని కేకలేసి అడగడంలో రెండు సెకన్ల ఆలస్యం ఇంకా పెరుగుతుంది. చవగ్గా దొరికే ముల్లు ఉన్న శాట్ ఫైండర్ ఏ ఉపగ్రహం తగిలినా కీచుమంటుంది, మనకి కావలసింది అదేనా కాదా అనేది చెప్పదు, కాబట్టి దాన్ని పూర్తిగా నమ్ముకోకూడదు. ఫ్రీక్వెన్సీ పెట్టి చూసే డిజిటల్ మీటర్ వేరు, అది నిజంగా పనికొస్తుంది, కానీ అది రెండో ఏడాది కొనే వస్తువు.

అంతా కుదిరాక పాడుచేసేది నీళ్లు. డిష్ నుంచి బాక్స్‌కి వచ్చే ఆర్‌జీ-6 కేబుల్ చివర ఎఫ్ కనెక్టర్‌లోంచి వాననీళ్లు లోపలికి దిగితే రాగి నల్లబడి, మొదటి వానాకాలం తర్వాత సిగ్నల్ మెల్లగా తగ్గుతూ పోతుంది. కనెక్టర్ మీద రబ్బరు తొడుగు వేసి, కేబుల్‌ని ఎల్‌ఎన్‌బీ దగ్గర ఒక చిన్న వంపులా కిందికి వేలాడదీస్తే నీటిబొట్టు అక్కడే రాలిపోతుంది, లోపలికి పాకదు. ఎల్‌ఎన్‌బీ ముందున్న ప్లాస్టిక్ మూత మన ఎండలకి కొన్నేళ్లలో పగిలిపోతుంది, ఆ పగుళ్లలోంచి నీళ్లు, చీమలు, కందిరీగలు చేరతాయి. కోతులున్న ఊళ్లలో కేబుల్‌ని పోల్‌కి పొడవునా కట్టేయడం తప్పనిసరి, లేకపోతే వాటికి అది ఊయలే. వాన విషయానికొస్తే, కేయూ బ్యాండ్ తరంగాలు జడివానని దాటలేవు. మబ్బు కమ్మి కుండపోత పోస్తున్నప్పుడు బొమ్మ ఆగిపోవడం డిష్ తప్పు కాదు, వాన తగ్గిన కాసేపటికి అదే వస్తుంది. అప్పుడు డాబా ఎక్కి డిష్ కదపడం అనవసరం, పైగా పిడుగుల వేళ అది ప్రమాదం. కరెంటు తీగలు దగ్గరగా ఉన్న గోడ మీద డిష్ ఎప్పుడూ పెట్టకూడదు.

ఫ్రీ డిష్ దొరికింది సరే, అందులో ఏముంది? తెలుగువాళ్లకి కొంచెం నిరాశ ఇక్కడే. దూరదర్శన్ వారి సప్తగిరి, యాదగిరి వస్తాయి, కానీ ప్రైవేటు తెలుగు ఛానెళ్లు తక్కువ. ఫ్రీ డిష్‌లో చోటుని ప్రైవేటు ఛానెళ్లకి ఈ-వేలంలో అమ్ముతారు. ఈ సర్వీసు ప్రేక్షకులు ఎక్కువగా హిందీ రాష్ట్రాల్లో ఉన్నారు కాబట్టి డబ్బు పెట్టేది కూడా హిందీ ఛానెళ్లే. ఇందులో వింతేమీ లేదు, కానీ తెలుగు ఊళ్లలో ఫ్రీ డిష్ పెద్దగా పాకకపోవడానికి ఇదో ముఖ్య కారణం. అదే ఉపగ్రహం మీద స్వయంప్రభ విద్యా ఛానెళ్లు కూడా వస్తాయి, 2017లో 32 ఛానెళ్లతో మొదలయ్యాయి, పోటీ పరీక్షలకి చదివేవాళ్లున్న ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు.

తెలుగు ఛానెళ్ల కోసం వెతికే హాబీదారుని కాళ్లు మెల్లగా సీ బ్యాండ్ వైపు, అంటే కేయూ కంటే తక్కువ ఫ్రీక్వెన్సీల వరస వైపు, నడుస్తాయి. కేబుల్ ఆపరేటర్ల డాబాల మీద వరసగా కనిపించే పెద్ద డిష్‌లు ఇవే. ఛానెళ్లు కేబుల్ వాళ్లకి సిగ్నల్ అందించేది ఎక్కువగా ఈ బ్యాండ్‌లోనే, తెలుగు వార్తా ఛానెళ్లూ భక్తి ఛానెళ్లూ చాలావరకు తాళం (ఎన్‌క్రిప్షన్) లేకుండానే వస్తాయి. 66 డిగ్రీల దగ్గరున్న ఇంటెల్‌శాట్ 17 దక్షిణాది ఛానెళ్లకి ఎన్నో ఏళ్లుగా ముఖ్యమైన చిరునామా, హైదరాబాద్ నుంచి అది 216 డిగ్రీల దిక్కున, నైరుతికి దగ్గరగా, 65 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఏ ఛానెల్ ఏ ఉపగ్రహం మీద ఉందనేది మాత్రం మారుతూనే ఉంటుంది, డిష్ ఎత్తే ముందు తాజా జాబితా చూసుకోవాల్సిందే. సీ బ్యాండ్ తరంగం పొడవు ఏడు సెంటీమీటర్ల చిల్లర, కేయూ బ్యాండ్‌ది మూడు కూడా ఉండదు. పొడవాటి తరంగాన్ని అంతే సూటిగా పట్టాలంటే డిష్ పెద్దది కావాలి, ఆరడుగులో ఎనిమిదడుగులో. దానికి బదులుగా వాన దీన్ని పెద్దగా ఏమీ చేయలేదు, శ్రావణమాసపు ముసురులో కూడా బొమ్మ నిలబడుతుంది.

తరంగం పొడవుగా ఉండటం వల్ల ఇంకో లాభం, డిష్ రేకుతోనే చేయక్కర్లేదు, సన్నటి జాలీ అయినా చాలు, ఆ కన్నాలు తరంగానికి కనపడవు. ఇది మన పల్లెలకి కొత్త సంగతి కూడా కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఇస్రో, నాసా కలిసి నడిపిన సైట్ (SITE, ఉపగ్రహం ద్వారా విద్యా టీవీ) ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2400 పల్లెల్లో నేరుగా ఉపగ్రహం నుంచే టీవీ చూపించారు, ఆ యాంటెనాలు పదడుగుల వెడల్పున, కోళ్లకి కట్టే ఇనుప జాలీతో చేసినవి. ఆ తరంగం పొడవు ఇంకా ఎక్కువ, ముప్ఫై సెంటీమీటర్ల పైన, కాబట్టి కోళ్ల జాలీ సరిపోయింది. అమెరికాలోనూ యూరప్‌లోనూ మామూలు ఇళ్ల మీద డిష్‌లు లేని రోజుల్లో మన పల్లె జనం రచ్చబండ దగ్గర కూర్చుని ఉపగ్రహ టీవీ చూశారు. అదే ప్రయోగం కోసం కొలంబోలో క్లార్క్ ఇంటికి కూడా ఇస్రో ఒక యాంటెనా పంపి బిగించింది. ఈ హాబీ మనది కాదు, పాశ్చాత్యులది అనుకునేవాళ్లు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

పెద్ద డిష్ కొత్తది కొనడం కంటే పాతది వెతకడం తెలివైన పని. హైదరాబాద్, విశాఖ 2013లో, మిగతా ఊళ్లు ఆ తర్వాత నాలుగైదేళ్లలో కేబుల్ డిజిటల్‌కి మారాయి. దాంతో సొంతంగా డిష్‌లు పెట్టుకున్న చిన్న ఆపరేటర్లు పెద్ద సంస్థల నుంచి తీగ ద్వారానే సిగ్నల్ తీసుకోవడం మొదలుపెట్టారు, వాళ్ల డిష్‌లకి పని లేకుండా పోయింది. ఊళ్లో పాత కేబుల్ ఆయన్ని మర్యాదగా అడిగితే ఒక డిష్‌తో పాటు ముప్ఫై ఏళ్ల అనుభవం కూడా దొరకొచ్చు, రెండోది మొదటిదానికంటే విలువైనది. కొనే ముందు డిష్‌ని పక్క నుంచి చూడాలి, రెండు అంచులూ ఒకే గీతలో కనిపించాలి. మెలికపడ్డ డిష్‌ని ఏ ఎల్‌ఎన్‌బీ బాగుచేయలేదు. తీరప్రాంతం వాళ్లు గాలి గురించి గట్టిగా ఆలోచించాలి. ఎనిమిదడుగుల రేకు డిష్ గాలివానలో తెరచాపే. 2014లో విశాఖని హుద్‌హుద్ ఏం చేసిందో చూసినవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ జాలీ డిష్, బరువైన దిమ్మె, తుపాను హెచ్చరిక రాగానే విప్పి పడుకోబెట్టే ఏర్పాటు, మూడూ ఉండాలి.

ఈ మధ్య సీ బ్యాండ్‌కి కొత్త చిక్కు వచ్చింది. 2022లో 5జీ కోసం ప్రభుత్వం 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్ దాకా వేలం వేసింది. సీ బ్యాండ్ టీవీ ప్రధానంగా 3700 నుంచి 4200 మధ్య వస్తుంది. అంకెలు వేరే కదా అనిపిస్తుంది, కానీ చాలా ఎల్‌ఎన్‌బీలు 3400 నుంచే అన్నీ లోపలికి తీసుకుంటాయి. ఉపగ్రహం నుంచి వచ్చే గుసగుస వినడానికి చెవి రిక్కించుకున్న పరికరం పక్కన వీధి చివరి టవర్ మైకు పెట్టి అరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. నిన్నటిదాకా వచ్చిన ఛానెళ్లు, డిష్ కదలకపోయినా, ఒక్కసారిగా పోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. దీనికి 3700 కింద అన్నీ ఆపేసే ఫిల్టర్ గానీ, అలాంటి ఫిల్టర్ లోపలే ఉన్న ఎల్‌ఎన్‌బీ గానీ వాడాలి.

ఇంకో విషయం నిర్మొహమాటంగా చెప్పాలి. ఈ దారిలో కొత్తవాళ్లకి త్వరగానే ఎదురయ్యే మాట "సర్వర్ పెట్టుకుంటే పే ఛానెళ్లన్నీ వస్తాయి" అనేది. ఒకరి కార్డు తాళాన్ని ఇంటర్నెట్ ద్వారా వందమందికి అమ్మే వ్యాపారం అది. చట్టవిరుద్ధం, డబ్బు కట్టాక ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు, అన్నిటికంటే ముఖ్యంగా అది ఈ హాబీని చంపేస్తుంది. పాస్‌వర్డ్ కొనుక్కున్నవాడికి డిష్ ఎటు చూస్తోందో తెలుసుకోవాలన్న కుతూహలం మిగలదు. తాళం లేకుండా వచ్చేవే ఆకాశంలో ఒక మనిషి తీరిక సమయానికి సరిపడా ఉన్నాయి. పొరుగుదేశాల ఛానెళ్లు, రేడియోలు, అప్పుడప్పుడు కాసేపే కనిపించి మాయమయ్యే వార్తల ఫీడ్లు, వాటిలో కెమెరా ముందు నిలబడి తన వంతు కోసం ఎదురుచూసే విలేఖరి. బాక్స్‌లో బ్లైండ్ స్కాన్ (అంకెలు ఇవ్వకుండానే అన్ని ఫ్రీక్వెన్సీలూ వెతికే సౌకర్యం) ఉంటే జాబితాల్లో లేనివి కూడా దొరుకుతాయి.

93.5 చేతికొచ్చాక రెండో అడుగు అదే చిన్న డిష్‌ని 83కి తిప్పడం. హైదరాబాద్‌లో అయితే 138 నుంచి 165 డిగ్రీలకి, ఎత్తు 63 నుంచి 69కి. అక్కడ డబ్బు కట్టి చూసేవి ఎక్కువ కాబట్టి చూడటానికి పెద్దగా ఏమీ దొరకదు, క్వాలిటీ గీత కదిలితే చాలు. ఎందుకంటే అప్పుడు పక్కింటి డిష్‌ని చూసి కాపీ కొట్టడం కాదు, లెక్క వేసి వెళ్లి పట్టుకున్నట్టు. ప్రతిసారీ తేదీ, దిక్కు, ఎత్తు, మెలిక, క్వాలిటీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే ఆరు నెలల తర్వాత ఏ డిష్ కదిలిందో, ఏ కేబుల్ పాడవుతోందో ఆ పేజీలే చెబుతాయి. ఉపగ్రహాలు కూడా శాశ్వతం కావు. 83 దగ్గర ఇన్‌శాట్-4ఎ స్థానంలోకి 2020లో జీశాట్-30 వచ్చింది, 60 డిగ్రీల దగ్గరున్న ఇంటెల్‌శాట్ 33ఈ 2024 అక్టోబరులో ముక్కలైపోయింది. పుస్తకంలో అలాంటి రోజులు కూడా చేరతాయి.

ఇక ఏడాదికి రెండుసార్లు, మార్చి మధ్యలో, మళ్లీ సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మొదటి రోజుల దాకా, సూర్యుడు సరిగ్గా మన ఉపగ్రహాల వెనక నుంచి వెళ్తాడు. రోజూ కొన్ని నిమిషాలు సూర్యుడి రేడియో గోల డిష్‌లోకి నేరుగా పడి బొమ్మ పోతుంది. చాలామందికి అది చిరాకు, హాబీదారుకి అది ఉచితంగా దొరికే కొలబద్ద. ఎల్‌ఎన్‌బీ మధ్యలో ఉండే పెద్ద డిష్‌ని 93.5కి పెట్టుకున్నవాళ్లు హైదరాబాద్‌లో మార్చి 13 ప్రాంతాల్లో పొద్దున పదకొండుంపావు వేళ డాబా ఎక్కి చూస్తే, ఎల్‌ఎన్‌బీ నీడ మెల్లగా పాకుతూ వచ్చి డిష్ నడిమధ్యలో కూర్చుంటుంది. కింద హాల్లో టీవీ బొమ్మ చెదిరిపోయే నిమిషమూ అదే అయితే గురి కుదిరినట్టు. నీడ మధ్యలోంచి ఎంత పక్కకి ఉందో చూసుకుని, నట్టు ఎటు తిప్పాలో అక్కడికక్కడే సుద్దముక్కతో గీత గీసుకోవచ్చు.